వార్తా చిత్రాల్లో రష్యా సైన్యాన్ని గుర్తుపట్టడం ఎలా?

చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాల మీద నడిచే వాహనానికి ముందు ఒక గొట్టం కనిపిస్తే చాలు, మన పత్రికల్లోనూ చానెళ్లలోనూ దాని పేరు ‘యుద్ధ ట్యాంకు’ అయిపోతుంది. ఆ తప్పు నేనూ చేశాను. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో ఒక కథనానికి బొమ్మ వెతికి, వరుసగా నడుస్తున్న నాలుగు వాహనాల చిత్రాన్ని ఎంచి, కింద ‘దూసుకెళ్తున్న రష్యా ట్యాంకులు’ అని రాశాను. మర్నాడు సంగారెడ్డి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “బాబూ, అవి ట్యాంకులు కావు, రష్యావీ కావు. ఎద్దుమైలారంలో మా చేతుల మీదుగా వెళ్లిన బండ్లు” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అది మన గణతంత్ర దినోత్సవ కవాతు చిత్రం. అందులోనివి ‘శరత్’ పేరుతో మెదక్ ఆయుధ కర్మాగారం 1980ల చివరి నుంచి తయారుచేస్తూ వచ్చిన బీఎంపీ-2 పదాతిదళ వాహనాలు.

ఆ ఒక్క వ్యాఖ్యలో నేను మూడు తప్పులు చేశాను. వాహనం ఏదో తెలియలేదు, అది ఎవరిదో తెలియలేదు, చిత్రం ఎప్పటిదో చూడలేదు. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు, వాటికి సాక్ష్యాలు కూడా వేర్వేరు. సోవియట్ కాలపు ఆయుధాలు రష్యా, ఉక్రెయిన్ రెండింటి దగ్గరా ఉన్నాయి, భారత్‌తో సహా ఎన్నో దేశాల దగ్గరా ఉన్నాయి కాబట్టి, ‘ఇది టి-72 ట్యాంకు’ అని సరిగ్గా పోల్చుకున్నంత మాత్రాన ‘ఇది రష్యాది’ అని తేలిపోదు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ మూడు ప్రశ్నలనూ కలగాపులగం కానివ్వకుండా ఒకదాని తర్వాత ఒకటి అడగడమే.

మొదట చిత్రాన్నే పరీక్షించండి

వాహనాన్ని చూడబోయే ముందు, దొరికినంతలో అతి పెద్ద, అతి పాత ప్రతిని సంపాదించాలి. వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చిన చిత్రంలో చక్రాల మధ్య సందులు కూడా కనిపించవు. పైగా ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో చెప్పే సమాచారాన్ని సామాజిక మాధ్యమాలు చాలావరకు తీసేస్తాయి. చిత్రంతోనే చిత్రాన్ని వెతికిపెట్టే గూగుల్ లెన్స్, టిన్‌ఐ, యాండెక్స్ మూడింటిలోనూ వెతకండి. రష్యన్ భాషా సైట్లలోని చిత్రాలను పట్టడంలో యాండెక్స్ తరచు మిగతావాటికన్నా మెరుగు. చిత్రం మొత్తంతో ఒకసారి, వాహనం వరకే కత్తిరించి ఒకసారి, నేపథ్యంలోని భవనం వరకే కత్తిరించి మరోసారి వెతికితే, మొదటి ప్రయత్నంలో దొరకనిది మూడోసారి దొరకవచ్చు. నిన్నటి యుద్ధ చిత్రం అన్నది 2015 నాటి కవాతు సాధనలోనో, 2014 నాటి తూర్పు ఉక్రెయిన్ దోన్బాస్ పోరులోనో బయటపడితే ఇక మిగతా శ్రమ అక్కర్లేదు.

వీడియో అయితే అది అసలు లోకానిదా, ఆటలోదా అన్నది కూడా చూడాలి. ‘ఆర్మా 3’ అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు నిజమైన యుద్ధంగా ఎంత విరివిగా తిరిగాయంటే, దాన్ని తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థే 2022 నవంబరులో ఒక ప్రకటన ఇచ్చి, వాటిని ఎలా పసిగట్టాలో వివరించవలసి వచ్చింది. దృశ్యం మసకగా ఉండి కెమెరా ఊగిపోతుండటం, తరచు శబ్దం లేకపోవడం, మనుషులు దాదాపు కనిపించకపోవడం ఇలాంటివాటికి గుర్తులు.

చిత్రాన్ని ఎడమ కుడిగా తిప్పేశారా అన్నది మరో పరీక్ష. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు పడతారు. రష్యన్ లిపిలో ‘యా’ అక్షరం ఇంగ్లీషు ఆర్‌ను అద్దంలో చూసినట్టు ఉంటుంది, ‘ఇ’ అక్షరం తిప్పిన ఎన్‌లా ఉంటుంది. అవి కనిపించగానే చిత్రం తిరగబడిందని తేల్చకూడదు. దానికన్నా గట్టి సాక్ష్యం టి-72 పొగగొట్టం. అది వాహనానికి ఎడమ పక్కన, పట్టా పైభాగంలో, వెనక చక్రాలకు దగ్గరగా ఉంటుంది. మీ టి-72 కుడి పక్కనుంచి పొగ వదులుతుంటే అనుమానించవలసింది మీ చిత్రాన్నే.

చక్రాలు లెక్కపెట్టండి

టరెట్ (గొట్టాన్ని మోస్తూ చుట్టూ తిరిగే పైభాగం) మీద వలలు, ఇనుప బోనులు, మూటలు, ఆకులు కప్పుతారు. గొట్టం దుమ్ములో కలిసిపోతుంది. చక్రాలు, పట్టాలు ఉండే నడక భాగాన్ని మాత్రం అంత తేలికగా మార్చలేరు. అందుకే గుర్తింపు కిందినుంచి పైకి సాగాలి. పట్టాల వాహనంలో నేలను ఒత్తుకుని ఉండే చక్రాలనే లెక్కపెట్టాలి. ముందూ వెనకా కాస్త ఎత్తులో ఉండే రెండింటినీ కలపకూడదు. ఆ రెండింటిలో పళ్లున్నది పట్టాను లాగే చక్రం. రష్యా ట్యాంకుల్లో అది వెనక ఉంటుంది, బీఎంపీ-1, బీఎంపీ-2లలో ముందు ఉంటుంది. ఇంజను ఎటువైపుందో ఈ ఒక్క గుర్తే చాలావరకు చెప్పేస్తుంది.

చక్రాలు అయిదే ఉండి వాహనం బరువైన ట్యాంకు అయితే, అది టి-54, టి-55, టి-62 కోవలోని పాతకాలపుది. మొదటి, రెండో చక్రాల మధ్య సందు పెద్దగా ఉంటే టి-54 లేక టి-55. వెనక్కి వెళ్లేకొద్దీ సందులు పెరుగుతుంటే టి-62. 1960ల నాటి టి-62లు 2022లో మళ్లీ యుద్ధానికి వచ్చాయి. 2023 వసంతంలో టి-54, టి-55లు రైళ్లలో తరలుతూ కనిపించాయి. కాబట్టి ‘ఇంత పాతది ఇప్పుడెందుకుంటుంది’ అన్న తర్కంతో చిత్రాన్ని తోసిపుచ్చకండి. ఇక అయిదు చక్రాలుండి చిన్నగా, తేలికగా కనిపించేది పారాచూట్ దళాల బీఎండీ కావచ్చు.

ఆరు చక్రాల దగ్గరే అసలు చిక్కు, ఎందుకంటే టి-64, టి-72, టి-80, టి-90 అన్నింటికీ ఆరే. టి-72, టి-90ల చక్రాలు పెద్దవి, దాదాపు సమాన దూరంలో ఉంటాయి. టి-64 చక్రాలు చిన్నవి, సన్నవి. అంత బరువైన బండికి ఇంత నాజూకు చక్రాలేమిటి అనిపిస్తుంది. టి-80 చక్రాలు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండి, వాటి మధ్య సందులు అసమానంగా ఉంటాయి. వెనకనుంచి తీసిన చిత్రమైతే పని ఇంకా తేలిక. టి-80లో ఉన్నది గ్యాస్ టర్బైను కాబట్టి వేడిగాలి బయటికి పోయే వెడల్పాటి ద్వారం సరిగ్గా వెనక మధ్యలో ఉంటుంది. టి-72కు అది ఉండదు, దాని పొగ ఎడమ పక్కనుంచే వస్తుంది.

ఏడు చక్రాల ట్యాంకు ఉక్రెయిన్ మట్టిలో కనిపిస్తే అది దాదాపుగా పాశ్చాత్య దేశాలిచ్చిన లెపర్డ్-2 లేక ఏబ్రమ్స్. రష్యా ట్యాంకుల్లో ఏడు చక్రాలున్నది టి-14 అర్మాతా. 2015 మే 9న మాస్కో కవాతులో లోకానికి చూపించిన ఆ బండి చిత్రాలు ఎక్కువగా కవాతులవే. అలాగే 2ఎస్1 గ్వోజ్దికా అనే 122 మిల్లీమీటర్ల స్వయంచాలిత (సొంత ఇంజనుతో కదిలే) ఫిరంగికీ ఏడు చక్రాలుంటాయి. అవి చిన్నవి, బండి కూడా బల్లపరుపుగా ఉంటుంది.

రబ్బరు టైర్ల వాహనాలకు వస్తే, ఎనిమిది చక్రాల పడవ ఆకారపు సాయుధ వాహనం బీటీఆర్ కుటుంబానిది. రెండో చక్రానికీ మూడో చక్రానికీ మధ్య చూడండి. అక్కడ తలుపేమీ లేకపోతే బీటీఆర్-60. చిన్న తలుపుంటే బీటీఆర్-70. పైరెక్క పక్కకూ, కిందిరెక్క మెట్టులా కిందికీ తెరుచుకునే పెద్ద తలుపుంటే బీటీఆర్-80. ఆ పెద్ద తలుపుతో పాటు టరెట్ మీద సన్నటి, పొడవాటి 30 మిల్లీమీటర్ల తుపాకీ ఉంటే బీటీఆర్-82ఏ. లారీల్లో ముక్కు పొడుగ్గా ఉన్నది ఉరల్-4320, ముక్కు లేకుండా ముందు చదునుగా ఉన్నది కమాజ్. ముక్కున్న మరో భారీ లారీ క్రాజ్. దాన్ని తయారుచేసే క్రెమెంచుక్ పట్టణం ఉక్రెయిన్‌లో ఉంది కాబట్టి అది ఉక్రెయిన్ వైపు మొగ్గే చిన్న సాక్ష్యం.

ట్యాంకా, ఫిరంగా, బీఎంపీయా?

గొట్టం చివర చూడండి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని తగ్గించడానికి ఫిరంగుల గొట్టం చివర రంధ్రాలున్న లావాటి తొడుగు ఉంటుంది. ఇప్పుడు కనిపించే రష్యా ట్యాంకుల ప్రధాన గొట్టాలకు అది ఉండదు. మధ్యలో మాత్రం పాము ఏదో మింగినట్టు ఒక ఉబ్బు ఉంటుంది. దాంతోపాటు టరెట్ ఆకారం చూడాలి. ట్యాంకుది బోర్లించిన మూకుడులా లోతు తక్కువగా ఉంటుంది. 2ఎస్19 ఎంస్తా-ఎస్ వంటి 152 మిల్లీమీటర్ల స్వయంచాలిత ఫిరంగిది చిన్న గదిలా ఎత్తుగా, పెట్టె ఆకారంలో ఉంటుంది. ఎంస్తా కింది భాగం టి-80ని పోలి ఉంటుంది కాబట్టి, చక్రాలు మాత్రమే చూసి ఆగినవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

బీఎంపీలు ప్రధానంగా సైనికులను మోసే వాహనాలు. బీఎంపీ-1కు చిన్న టరెట్, పొట్టి 73 మిల్లీమీటర్ల గొట్టం. బీఎంపీ-2కు వెడల్పాటి టరెట్, పొడవాటి సన్నని 30 మిల్లీమీటర్ల తుపాకీ. బీఎంపీ-3కి 100 మిల్లీమీటర్ల గొట్టం, 30 మిల్లీమీటర్ల తుపాకీ రెండూ పక్కపక్కనే అంటుకుని ఉంటాయి. పారాచూట్ దళాల బీఎండీ-4ఎం మీద కూడా ఇలాంటి జంట గొట్టాలే ఉంటాయి కాబట్టి మళ్లీ చక్రాలకు వెళ్లాలి. ఆరైతే బీఎంపీ, అయిదైతే బీఎండీ. నాకు ఫోన్ చేసిన పెద్దాయన మన శరత్‌ను ఎలా పోల్చుకున్నారని అడిగితే, “కన్నబిడ్డను ఎలా పోల్చుకుంటారండీ” అన్నారు గానీ, కాస్త ఆగి అసలు కిటుకు చెప్పారు. నంబరు ప్లేటు మీద పైకి చూపే బాణం గుర్తు ఉందట. మన సైనిక వాహనాల నంబర్ల ముందు ఆ బాణం ఉంటుంది. నేను చిత్రాన్ని పెద్దది చేసి చూడనే లేదు.

టి-72 నుంచి టి-90ఎం దాకా

ఒకే కుటుంబంలో ఏ తరానిదో చెప్పడానికి కవచం చూడాలి. టరెట్ నిండా సబ్బుబిళ్లల్లా చిన్న చిన్న పెట్టెలు అతికించినట్టుంటే అది కొంతాక్త్-1 అనే పాత పేలుడు కవచం (గుండు తగలగానే తానే పేలి దాని దెబ్బను తగ్గించేది). పెద్ద పలకలు చీలికల్లా, ముందుకు పొడుచుకు వచ్చిన కోణాల్లా ఉంటే కొంతాక్త్-5. టి-72బి3 మీద కొంతాక్త్-5తో పాటు, టరెట్ పైన ఎడమ వైపు సోస్నా-యు అనే గురిచూసే పరికరం ఒక పెట్టెలా లేచి ఉంటుంది. 2016 నమూనా అయితే పక్కల కింది భాగాన మెత్తటి సంచుల్లాంటి కవచం, వెనక ఇంజను భాగం చుట్టూ ఇనుప కడ్డీల తడిక కూడా కనిపిస్తాయి.

టి-90ఏకు ఉన్నంత తేలిక గుర్తు మరే ట్యాంకుకూ లేదు. గొట్టానికి అటూ ఇటూ రెండు పెద్ద దీపాలుంటాయి. వెలిగించినప్పుడు అవి ఎర్రటి కళ్లలా కనిపిస్తాయి. తనవైపు వచ్చే క్షిపణులను తికమకపెట్టడానికి అమర్చిన ష్తోరా వ్యవస్థలో అవి భాగం. మన సైన్యంలోని టి-90ఎస్ భీష్మకు ఆ కళ్లు లేవు, కాబట్టి కళ్లు లేనంత మాత్రాన టి-90 కాదనలేం. 2020 నుంచి సైన్యానికి అందుతున్న టి-90ఎం‌కూ అవి ఉండవు. దానికి టరెట్ వెనక భాగాన ఒక పెట్టె పొడుచుకు వచ్చి ఉంటుంది, ముందంతా రెలిక్త్ అనే కొత్త కవచం పరుచుకుని ఉంటుంది.

ఇక టరెట్ మీద పందిరిలా వేసిన ఇనుప బోను గురించి. అది ఏ నమూనాలోనూ భాగం కాదు, కాబట్టి ట్యాంకు పేరు తేల్చడానికి పనికిరాదు. కాలం తేల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. రష్యా ట్యాంకుల మీద ఈ పందిళ్లు 2021 చివర్లో కనిపించడం మొదలైంది. ట్యాంకు మొత్తాన్ని రేకుల షెడ్డులో దాచినట్టుండే ‘తాబేలు’ రూపం 2024 ఏప్రిల్‌లో వెలుగులోకి వచ్చింది. అలాంటి చిత్రాన్ని 2022 నాటి కీవ్ ముట్టడి అని చెబితే నమ్మకూడదు.

గొట్టాలు లెక్కపెట్టవలసిన చోట

రాకెట్ లాంచర్లలో లెక్కే గుర్తింపు. లారీ మీద నాలుగు వరుసల్లో నలభై గొట్టాలుంటే 122 మిల్లీమీటర్ల గ్రాద్. పదహారుంటే 220 మిల్లీమీటర్ల ఉరగాన్. పన్నెండుంటే 300 మిల్లీమీటర్ల స్మెర్చ్. టి-72 వంటి పట్టాల బండి మీద 24 గొట్టాల పెట్టె ఉంటే అది టీఓఎస్-1ఏ. గ్రాద్, స్మెర్చ్ మన సైన్యం దగ్గరా ఉన్నాయి.

గగనతల రక్షణలో, పట్టాల బండి మీద నాలుగు క్షిపణులు ఏ తొడుగూ లేకుండా బయటికి కనిపిస్తుంటే బుక్. లారీ మీద అటూ ఇటూ ఆరేసి క్షిపణి గొట్టాలు, వాటి మధ్య తుపాకులు ఉంటే పాంత్సిర్. భారీ లారీ వెనక నాలుగు పెద్ద గొట్టాలు నిలువుగా లేచి ఉంటే ఎస్-300 లేక ఎస్-400. ఈ రెండింటినీ ఒక్క లాంచరు చిత్రంతో వేరు చేయడం నిపుణులకే కష్టం కాబట్టి ‘ఎస్-300/400 తరహా’ అని రాయడంలో నామోషీ ఏమీ లేదు. ఎస్-300 ఉక్రెయిన్ దగ్గరా ఉంది. ఎస్-400 మన దగ్గరికీ 2021 చివరి నుంచి వస్తోంది.

డ్రోన్లలో త్రికోణపు రెక్కలుండి వెనక పంకా ఉన్నది ఇరాన్ షాహెద్ నమూనా. రష్యా దాన్ని ‘గెరాన్’ అంటుంది. ముందు పంకా, తిన్నటి రెక్కలు ఉన్న చిన్న విమానం లాంటిది ఓర్లాన్-10. గుల్ల గొట్టం లాంటి దేహానికి గుణకారపు గుర్తు ఆకారంలో రెండు జతల రెక్కలుంటే లాన్సెట్.

ఆకాశంలో

సుఖోయ్-34ను ముక్కు చూసి చెప్పవచ్చు. బాతు ముక్కులా చదునుగా ఉంటుంది, పైలట్లిద్దరూ కారులో కూర్చున్నట్టు పక్కపక్కన కూర్చుంటారు. రెండు నిలువు తోకలు, రెండు ఇంజన్లు ఉన్న విమానం మిగ్-29 కావచ్చు, సుఖోయ్-27 కుటుంబానిది కావచ్చు. ఇంజన్ల మధ్య నుంచి తేలు కొండిలా ఒక మొన వెనక్కి సాగి ఉంటే సుఖోయ్. సుఖోయ్-30ఎస్ఎం మన సుఖోయ్-30ఎంకేఐకి కవల పిల్ల వంటిది. రెండింటికీ ముందు చిన్న రెక్కలున్నాయి, రెండింటిలోనూ ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. తేడా గుర్తులో ఉంది. మనది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయం. రష్యాది ఎర్ర నక్షత్రం. హెలికాప్టర్లలో ఒకదాని పైన ఒకటి రెండు పెద్ద పంకాలుండి తోక పంకా లేకపోతే కేఏ-52. మిగ్-29, సుఖోయ్-25, సుఖోయ్-27, ఎంఐ-8, ఎంఐ-24 ఇరు సైన్యాలవీ కాబట్టి వాటికి గుర్తులు చూడకుండా యజమానిని తేల్చకూడదు.

బాంబర్లలో టీయూ-95ను పోల్చుకోవడం విశాఖ వాసులకు మరీ తేలిక. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న మ్యూజియంలోని టీయూ-142 విమానం దాని సముద్ర గస్తీ రూపమే. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి పంకాలు, వెనక్కి వాలిన రెక్కలు. ఒకసారి దాని చుట్టూ తిరిగి వస్తే, 2025 జూన్ 1న ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా వైమానిక స్థావరాల మీద చేసిన దాడి చిత్రాల్లో మంటల్లో ఉన్నదేమిటో పేరు చదవకుండానే తెలుస్తుంది.

మనుషులు, దుస్తులు

దుస్తులు బలహీనమైన సాక్ష్యం. చొక్కాను ఎవరైనా కొనుక్కోవచ్చు, జెండా పట్టీని ఎవరైనా కుట్టుకోవచ్చు. అయినా కొన్ని తెలిసి ఉండాలి. రష్యా సైన్యం 2008 ప్రాంతం నుంచి వాడుతున్న ఈఎంఆర్ నమూనా చిన్న చిన్న చదరపు చుక్కల ఆకుపచ్చ బట్ట. దూరం నుంచి చూస్తే చుక్కలన్నీ కలిసిపోయి ముదురు పచ్చగా కనిపిస్తుంది. ఉక్రెయిన్ 2014 తర్వాత తెచ్చిన ఎంఎం-14 కూడా చదరాలదే గానీ, ఇసుక రంగు, లేత బూడిద రంగు పాలు ఎక్కువ. మన సైన్యం 2022 జనవరి 15న ప్రదర్శించిన కొత్త దుస్తులు సైతం ఈ కోవకే చెందుతాయి, కాబట్టి చదరాలు కనిపించగానే రష్యా అనకండి. మల్టీకామ్ రకపు బట్ట, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర ముదురు రంగు అతుకులుండే గోర్కా దుస్తులు రెండు వైపులా వాడతారు.

అందుకే ఈ యుద్ధంలో సైనికులు తమవారిని తామే పోల్చుకోవడానికి చేతులకు, కాళ్లకు, శిరస్త్రాణాలకు రంగు పట్టీలు చుట్టుకున్నారు. రష్యా వైపు తెలుపు, ఎరుపు ఎక్కువగా కనిపించాయి. ఉక్రెయిన్ వైపు పసుపు, నీలం, ఆకుపచ్చ కనిపించాయి. ఈ రంగులు కాలాన్ని బట్టి, చోటును బట్టి మారుతూ వచ్చాయి కాబట్టి పట్టీని ఒంటరి సాక్ష్యంగా కాక తోడు సాక్ష్యంగా వాడాలి. 2022లో దోన్యెత్స్క్ ప్రాంతం నుంచి బలవంతంగా చేర్చుకున్నవారి తలల మీద సోవియట్ కాలపు ఎస్ఎస్హెచ్-68 ఇనుప టోపీలు, చేతుల్లో అంతకన్నా పాతవైన మోసిన్ రైఫిళ్లు కనిపించాయి. రష్యా కొత్త సామగ్రి అయిన 6బి47 శిరస్త్రాణం, 2018లో ఆమోదం పొందిన ఏకే-12 రైఫిలు అందరి దగ్గరా ఉంటాయని ఆశించకూడదు.

టోపీల రంగులు మనల్ని ప్రత్యేకంగా మోసం చేస్తాయి. మన దగ్గర మెరూన్ బెరే టోపీ అంటే పారాచూట్ దళం. రష్యాలో పారాచూట్ దళానిది ఆకాశనీలం టోపీ, అదే రంగు చారల బనియను. మెరూన్ అక్కడ జాతీయ గార్డు ప్రత్యేక దళాలది. నల్ల టోపీ నౌకాదళ పదాతి సైనికులది, ఎరుపు సైనిక పోలీసులది. ఆగస్టు 2న నీలం టోపీలవాళ్లు నగర ఫౌంటెన్లలో మునకలు వేస్తున్న చిత్రాలు వస్తే కంగారు పడకండి. అది పారాచూట్ దళాల పండుగ.

భుజకీర్తుల మీద నక్షత్రాలు లెక్కపెట్టేటప్పుడు మన లెక్క వాడకూడదు. మన కెప్టెన్‌కు మూడు నక్షత్రాలు, రష్యా కెప్టెన్‌కు నాలుగు చిన్న నక్షత్రాలు. నాలుగు చూసి ‘ఫోర్ స్టార్ జనరల్’ అని రాస్తే కంపెనీ నడిపే కుర్రాణ్ని సేనాధిపతిని చేసినట్టే. చూడవలసింది పొడవుగా సాగే గీతలను. ఒక గీత మీద చిన్న నక్షత్రాలుంటే కెప్టెన్ దాకా ఉన్న చిన్న అధికారి. రెండు గీతలుంటే మేజరు నుంచి కల్నలు వరకు. గీతలే లేకుండా పెద్ద నక్షత్రాలుంటే అప్పుడు జనరల్.

చిత్రంలో ఉన్నది యుద్ధఖైదీ అయితే ముఖం కనిపించకుండా చేయండి. 1949 నాటి మూడో జెనీవా ఒడంబడిక 13వ అధికరణం ఖైదీలను జనం ముందు ప్రదర్శన వస్తువులు చేయరాదని చెబుతోంది.

అక్షరాలు, నంబర్లు

2022 ఫిబ్రవరిలో రష్యా వాహనాల మీద తెల్ల రంగుతో రాసిన జెడ్, వి అక్షరాలు రష్యన్ లిపిలో లేవు, ఇంగ్లీషు అక్షరాలే. ఆ గుర్తున్న చిత్రాన్ని అంతకుముందు సంఘటనకు వాడితే తప్పు. తెల్లటి శిలువ గుర్తులున్న వాహనాలు 2022 సెప్టెంబరులో ఖార్కివ్ ప్రాంతంలో ముందుకు సాగిన ఉక్రెయిన్ సేనవి. రష్యా సైనిక వాహనాల నంబరు ప్లేటు నల్లగా ఉండి, తెల్లటి నాలుగు అంకెలు, రెండు అక్షరాలు, చివర ఒక సంకేత సంఖ్య ఉంటాయి. నేపథ్యంలో దుకాణం బోర్డు ఉంటే దాన్నీ చదవండి. ఇంగ్లీషు చిన్న ఐ లాగా పైన చుక్క ఉన్న అక్షరం ఉక్రెయిన్ లిపిలో ఉంది, నేటి రష్యన్ లిపిలో లేదు.

2014 ఫిబ్రవరి చివర్లో క్రిమియాలో ఏ గుర్తూ లేని ‘ఆకుపచ్చ మనుషులు’ దిగినప్పుడు ఈ చిన్నచిన్న ఆనవాళ్లే వారిని పట్టించాయి. జెండా లేదు, పేరు లేదు. రష్యా సైన్యం వాడే ఈఎంఆర్ దుస్తులు, పెచెనెగ్ మెషీన్‌గన్, తిగ్ర్ వాహనాలు, నల్ల నంబరు ప్లేట్లు మాత్రం ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు, అన్నీ ఒకేచోట కలిశాయన్నదే అక్కడి సాక్ష్యం. అదే ఏడాది ఏప్రిల్‌లో పుతిన్ తమ సైనికులు అక్కడ ఉన్నారని ఒప్పుకున్నారు.

ఒకే రకం వాహనాల్లో ఒక్కదాన్ని పట్టడం

ఈ పని ఎంత సూక్ష్మంగా చేయవచ్చో ఎంహెచ్17 చూపించింది. 2014 జూలై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేసియా విమానం కూలి 298 మంది మరణించారు. బుక్ క్షిపణి పని అని తేలాక, ఏ బుక్ అన్నది ప్రశ్న. బుక్ రెండు దేశాల దగ్గరా ఉంది కాబట్టి రకం పేరు ఎందుకూ కొరగాదు. బహిరంగంగా దొరికే చిత్రాలు, వీడియోలతో దర్యాప్తు చేసే బెల్లింగ్‌క్యాట్ బృందం పరిశోధకులు ఆ రోజు దోన్బాస్ రోడ్ల మీద తీసిన చిత్రాలనూ, జూన్ నెలలో రష్యాలోని కుర్స్క్ నుంచి సరిహద్దు వైపు కదిలిన సైనిక వరుస వీడియోలనూ పక్కపక్కన పెట్టారు. పట్టాల పైన వేలాడే రబ్బరు పలక వంగి చిరిగిన తీరు, పక్కల మీద మచ్చలు, మధ్య అంకె చెరిగిపోయిన మూడంకెల నంబరు పోల్చి చూశారు. ఏ రెండు వాహనాల రబ్బరు పలకలూ ఒకే రకంగా చిరగవు. అంతర్జాతీయ దర్యాప్తు బృందం 2018 మేలో ఆ లాంచరు కుర్స్క్‌లోని 53వ విమాన విధ్వంసక క్షిపణి బ్రిగేడుదని ప్రకటించింది.

మనకు రోజూ అంత లోతు అవసరం ఉండదు గానీ, అలవాటు అదే ఉండాలి. ఒక చిత్రం వచ్చిందనుకుందాం. మంచు కరిగిన బురద రోడ్డు, కాలిపోయిన ట్యాంకు, ‘కూలిన రష్యా టి-90’ అన్న వ్యాఖ్య. చక్రాలు ఆరు, పెద్దవి, సమాన దూరం. పొగగొట్టం ఎడమ పక్కన. టి-72 లేక టి-90 కుటుంబం అని రాసుకుంటాం. టరెట్ మీద చీలికల్లాంటి పలకలు, ఎడమ వైపు పెట్టె, గొట్టం పక్కన కళ్లు లేవు, వెనక పెట్టె లేదు. పక్కన సంచుల కవచం ఉంది. అంటే టి-72బి3, 2016 నమూనా. ఇది రష్యాలో తయారైన రూపం, కాబట్టి పుట్టుక రష్యా. కానీ 2022లో ఉక్రెయిన్ ఇలాంటివాటిని చాలా స్వాధీనం చేసుకుని తన సైన్యంలో కలుపుకుంది, కాబట్టి కాలినప్పుడు అందులో ఉన్నది ఎవరన్నది వేరే ప్రశ్న. పక్కన జెడ్ గుర్తు మసిలో సగం కనిపిస్తోంది, దాని మీద వేరే గుర్తు రాసిన ఆనవాలు లేదు. టరెట్ మీద పందిరి ఉంది, కాబట్టి 2021 చివరికన్నా ముందుది కాదు. ఊరి పేరు తెలిపే బోర్డు చట్రంలో లేదు. వెనక్కి వెతికితే ఇదే చిత్రం 2022 మార్చి చివర్లో మొదటిసారి కనిపించింది.

అప్పుడు రాయవలసిన వ్యాఖ్య ఇలా ఉంటుంది: ‘ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైన రష్యా టి-72బి3 ట్యాంకు. చిత్రం 2022 మార్చి నాటికే ప్రచారంలో ఉంది. తీసిన చోటు నిర్ధారణ కాలేదు.’ డెస్కులో ఎవరో ‘నిర్ధారణ కాలేదు అన్నది కొట్టేద్దామా, బాగోలేదు’ అంటారు. కొట్టేయనివ్వకండి. సంగారెడ్డి నుంచి ఫోన్ చేసిన పెద్దాయన ఇప్పటికీ పేపరు చదువుతూనే ఉన్నారు.